రీలుకు గంధం బొట్టు

మాది కోయంబత్తూరు దగ్గర కినత్తుకడవు పక్క. కొబ్బరితోటల మనుషులం. చిన్నప్పుడు మేం చూసిన పెద్ద నీళ్ళంటే తోటలో బావే. అలాంటి నేను తూత్తుకుడిలో పడవ పెట్టుకుని, పెద్ద సొరచేపలను గాలంతో పట్టాలని సరదాపడేవాళ్ళను సముద్రం మీదికి తీసుకెళ్తున్నానంటే మావాళ్ళు ఇప్పటికీ నమ్మరు. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తామంటే అసలే నమ్మరు. "కూర చెయ్యనిదానికి అంత దూరం ఎందుకురా?" అంటుంది మా చిన్నమ్మ. ఆ మాటకు నాకు కోపం వస్తుంది.

పోయిన చలికాలం చివర్లో కోయంబత్తూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మాట్లాడింది తమిళమే. నా తమిళంలో ఏం వినబడిందో, "మీ ఇంట్లో తెలుగా?" అని ఆగాడు. అవునన్నాను. అంతే, ఫోన్ ఆయన భార్య చేతికి వెళ్ళిపోయింది. ఆమె మా ఇంటిపేరు అడిగి, మా అమ్మ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు అడిగి, వరస తేల్చేసింది. ఆమె నాకు అత్త, ఆయన మామ. ఎన్ని తరాలుగా తమిళదేశంలో ఉన్నా ఈ ఒక్క పనికి మావాళ్ళకు క్షణం పట్టదు. కస్టమర్లు కావలసినవాళ్ళు చుట్టాలైపోయారు. అత్తకు ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్ళలో లేదు. నాకు తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

మామకు మోటార్లకు రాగితీగ చుట్టే వర్క్‌షాపు ఉంది. ఆ ముందు ఏడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. వేళ్ళు వాటంతట అవి మూసుకోవు.

"నా కొడుకు నన్ను స్పూను తప్ప ఏదీ పట్టుకోనీడు," అన్నాడు ఫోన్లో. "ఈ చేతిని నమ్మొచ్చునా లేదా, ఒక పెద్ద సొరను పట్టి తెలుసుకోవాల. నమ్మొచ్చునంటే సోమవారం వర్క్‌షాపుకు పోతాను. లేదంటే తాళాలు వాడికి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటాను."

చిన్న చేపతో చూసుకుందాం మామా అన్నాను. "చిన్నదైతే నా మీద జాలిపడి వచ్చిందని అనుకుంటాను," అన్నాడు. డాక్టరును అడిగారా అంటే, "పడవలో తిరిగేదానికి పరవాలేదు అన్నాడు," అని అత్త అందుకుంది. సొర సంగతి డాక్టరుకు చెప్పనేలేదని నాకు తరవాత తెలిసింది.

ఎడమచేత్తో తిప్పి దారం చుట్టే రీలొకటి ఆయన కోసమని వెతికి తెప్పించాను. గాలం కర్రను ఆయన నడుముకు పట్టీలతో బిగించేలా ఏర్పాటు చేశాను. అన్నీ ఆలోచించాను, అత్తను తప్ప. పొద్దున పడవ ఎక్కగానే ఆమె సంచిలోంచి గంధం గిన్నె తీసింది. కోయంబత్తూరులో లేత్ మిషనుకైనా లారీకైనా గంధం, కుంకుమ పెట్టకుండా కొత్త పని మొదలుపెట్టరు. మా ఇంట్లో బావి మోటారుకూ పెట్టేవాళ్ళం. కాబట్టి ఆమె రీలు నిండా ధారాళంగా పూస్తుంటే నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే ముచ్చటపడ్డాను కూడా. ఆమె ఇంజనుకూ పెట్టింది. పడవ నడిపే తూత్తుకుడి మనిషి నుదుటికీ పెట్టింది.

మధ్యాహ్నం కావస్తుండగా మామ నడుముకు బిగించిన కర్ర ఒక్కసారిగా వంగింది. దారం సుయ్యిమని పోతోంది. అప్పుడు రీలు మీద పిడిని ముందుకు తొయ్యాలి. దానితో బిగింపు పడి చేపకు బరువు తగులుతుంది. మామ ఎడమచేత్తో తోశాడు, కదల్లేదు. మళ్ళీ తోశాడు. వంగి చూశాను. గంధం ఆ పిడి సందులోకి దిగి, ఎండకు సున్నంలా గట్టిపడి కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తా, మీ గంధం!" అని అరిచాను. చుట్టరికం లేకపోతే ఇంకా ఏమేమి అనేవాణ్ణో!

ఇక ఉన్న దారి ఒక్కటే. దారం చుట్టను చేత్తో నొక్కి ఆపాలి. లేకపోతే ఉన్న దారమంతా సొర పట్టుకుపోతుంది. నేను చెయ్యి చాచాను.

"తాకొద్దు!" అన్నాడు మామ.

గాలం వేసేవాళ్ళ నియమం పొద్దున నేనే చెప్పాను. చేపతో పెనుగులాడేటప్పుడు ఇంకొకరు కర్రనో రీలునో ముట్టుకుంటే ఆ చేప పట్టినవాడిది కాదు.

"నువ్వు తాకితే ఇది నీ చేప. నేను ఊరికి ఏం తెలుసుకొని పోయేది?"

తోలు తొడుగు వేసిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి రీలు మీద పెట్టుకున్నాడు. జారిపోయింది. మళ్ళీ ఎత్తి పెట్టుకున్నాడు. ఈసారి భుజం బరువంతా దాని మీదికి వంచాడు. నేను చెయ్యగలిగింది ఒక్కటే, పడవను సొర పోయే వైపుకే తిప్పమన్నాను. దారం కాస్త సడలితే ఎడమచేత్తో చుట్టేవాడు, అది లాగితే కుడిచేత్తో నొక్కేవాడు. ముఖం ఎర్రబడిపోయింది. చాలించండి అనబోయి అత్త వైపు చూశాను. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చూపు మాత్రం ఆయన చేతి మీదే ఉంది. నేనూ ఆ చేతినే చూశాను. కానీ భయపడ్డాను, చాలా భయపడ్డాను.

"తెలుస్తా ఉండాది," అన్నాడు ఆయన ఉన్నట్టుండి. "అది లాగేది నాకు ఈ చేతిలో తెలుస్తా ఉండాది!"

చూస్తే బొటనవేలు దారపు చుట్టను నొక్కి ఉంది, మిగతా వేళ్ళు కర్రను చుట్టుకుని ఉన్నాయి. వాటిని ఎవరూ మూయలేదు.

చాలాసేపటికి సొర పడవ పక్కకు వచ్చింది. ఒంటి మీద పులి చారలు, పడవలో సగం పొడవు. నేను వంగి గాలం దగ్గర తీగ కత్తిరించాను. అది తోక ఒక్కసారి కొట్టి మమ్మల్ని అందరినీ తడిపి, తాపీగా కిందికి వెళ్ళిపోయింది. పడవ నడిపే మనిషి ఈల వేశాడు.

మామను కూర్చోబెట్టి నడుము పట్టీలు విప్పాను. కర్ర తీసుకోబోతే రాలేదు. ఆయన వేళ్ళు దాని మీద బిగుసుకుపోయాయి. అత్త వచ్చి ఆయన ముందు కూర్చుని, చిటికెన వేలు పట్టి లాగింది.

"ఇన్ని దినాలుగా తెల్లారితే ఈ వేళ్ళను మూసేదే నాకు పని," అంది నాతో, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా. "ఇప్పుడు తెరిచేదానికి రాలేదే!"

"ఉండనీ," అన్నాడు మామ. "ఇంకొంచెం సేపు అట్లే ఉండనీ."