తీసేసిన ఫొటోలు

మొన్న ఆఫీసులో ఒకమ్మాయి తన అక్క పెళ్లి ఆల్బమ్ తెచ్చి నా బల్ల మీద తెరిచింది. కొత్త పేజీల్లోంచి జిగురూ రంగూ కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసనకి నాకు పెళ్లికూతుళ్లు గుర్తుకు రారు, ఎస్తేరు మేడమ్ గుర్తొస్తారు. గజపతినగరంలో ఆవిడ ఫొటో స్టూడియోలోనే నా మొదటి ఉద్యోగం. ఆల్బమ్ పేజీలు తయారుచేసేదాన్ని.

మాకు స్టూడియోలో రెండు కంప్యూటర్లు, కొత్తవలసలో ఆవిడ ఇంట్లో ఒకటి ఉండేవి. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు మోసుకు తిరిగేవాళ్లం. ఏది కొత్త పేజీయో తెలియక ఒకసారి పెళ్లికొడుకు పేరు తప్పున్న పాత పేజీనే అచ్చుకి పంపాం. దాంతో ఫైళ్లను మూడు కంప్యూటర్లలోనూ దానంతటదే ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్ చూడమన్నారు మేడమ్. నేను కొన్ని వేసి చూసి, అన్నిటికన్నా వేగంగా పనిచేసేదాన్ని గొప్పగా చూపించాను. ఆవిడ ఒక ఫొటో చెరిపారు. పక్క కంప్యూటర్లోనూ అది చటుక్కున మాయమైంది.

“ఇదేటే, ఇక్కడ తీస్తే అక్కడా పోనాది?”

“ఒకేలా ఉంచడమే కదా మేడమ్ దీని పని!”

“అయితే నా సెయ్యి ఒక్క సోట జారితే అన్ని సోట్లా జారినట్టే. ఇది వద్దు. తీసేసినవి ఎక్కడికి పోతాయో సెప్పేది సూడు.”

చివరికి నత్తనడక నడిచేదాన్ని ఎంచారు. చెరిపినవాటినీ, మార్చకముందు ఉన్నవాటినీ అది కొత్తవలస కంప్యూటర్లో విడిగా దాచేది. డిస్క్ నిండిపోతుందని మొత్తుకున్నాను. “నిండితే ఇంకోటి కొందుం” అని ఆవిడ తాపీగా టీ తాగారు. నాకు ఒళ్లు మండింది.

ఆ ఏడే పక్క ఊరి రైతు రామునాయుడు వచ్చాడు. గట్టు తగాదాలో అన్నతో మాటలు ఆగిపోయాయట. మేం తీసిన అతని కూతురి పెళ్లి ఫొటోలన్నిట్లోంచీ అన్నను తీసేసి ఆల్బమ్ మళ్లీ అచ్చు వెయ్యమన్నాడు. ఇలాంటివి మాకు కొత్త కాదు. కోపాలు ముదిరినప్పుడల్లా ఎవరో ఒకరొచ్చి మనుషుల్ని తీయించుకునేవారు. మేడమ్ “ఆలోసించుకో నాయుడూ” అన్నారు, అంతే. అతను వినలేదు. నేను శుభ్రంగా తీసేసి, అదే పేరుతో సేవ్ చేశాను. పాత ఆల్బమ్ అతను పొయ్యిలో పెట్టాడని తర్వాత తెలిసింది.

కొన్నేళ్లకు మళ్లీ వచ్చాడు. అన్న పోయాడు. దినకార్యానికి ఫ్రేము కట్టించాలంటే ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప ఆ మనిషిది ఇంకేదీ లేదు.

“తీసెయ్యమన్నాను నానే. ఎక్కడైనా మిగిలుంటాదేటమ్మా?”

మేడమ్ కొత్తవలస కంప్యూటర్లోంచి వెతికించి తెప్పించారు. తెర మీద అన్న వంగి, నవ్వుతూ, తమ్ముడి భుజం మీది కండువా సర్దుతున్నాడు. రామునాయుడు చాలాసేపు చూశాడు.

“కండువా మా అన్నే సరిసేసినాడు. ఆ సంగతే మరిసిపోనానమ్మా” అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

అతను వెళ్లాక, అన్న లేని ఫొటోలు ఇక చెరిపెయ్యనా అని అడిగాను.

“ఉండనియ్యే. అదీ జరిగిందే కదా” అన్నారు మేడమ్.

ఇప్పుడు విజయనగరంలో మా ఆఫీసు కంప్యూటర్లకి అలాంటి సాఫ్ట్‌వేర్ ఎంచే పని నా మీద పడింది. నేనూ నెమ్మదైనదే ఎంచాను. ఇంతకన్నా వేగమైనవి ఉండగా ఇదెందుకని అందరూ విసుక్కుంటున్నారు. నేనెవరికీ సంజాయిషీ చెప్పడం లేదు. డిస్క్ నిండిపోతుందని నేను మొత్తుకున్నప్పుడు ఆవిడ నాకు చెప్పారా?