ముంగిసకు దండం

కోడి చచ్చిన తీరు చూసి చంపిందెవరో చెప్పడం నాకు మా అమ్మ నేర్పింది. పెనుకొండలో కోటగోడల కిందే మా పుట్టిల్లు. ఆ కొండ మీది నుంచి మా దొడ్లోకి దిగిరాని జీవి లేదు. అందుకే కోడి పోతే అమ్మ ఏడ్చేది కాదు, ఎవరినీ తిట్టేదీ కాదు. ముందు నేల చూసేది. దొడ్డంతా ఈకలు చిందరవందరగా పడి ఉంటే కుక్క. కంచె దాకా దారి పొడుగునా ఈకలు రాలి, కోడి మాత్రం లేకపోతే నక్క. తల లేని మొండెం దొరికితే అడవిపిల్లి. ఈక కూడా రాలకుండా పిల్ల మాయమైతే తలెత్తి పైకి చూడాలి, అది గద్ద పని. గంప చెక్కుచెదరకుండా గుడ్లు పోతే పాము.

"చంపిందెవరో తెలిస్తేనే కదమ్మీ కాపాడుకునేది" అనేది అమ్మ. ఆ మాట నమ్ముకునే ఇంత దూరం వచ్చాను. తెలిసినంత మాత్రాన ఏదీ దక్కదని ఇప్పుడు చెప్పగలను, కానీ వినడానికి అమ్మ లేదు.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి నేను కోడలిగా వచ్చినప్పుడు, నా వెంట బస్సులో ఒక నల్ల పెట్ట, ఒక పుంజు కూడా వచ్చాయి. వైరుబుట్టలో పెట్టి పైన పాత పంచె గుడ్డ కట్టి అమ్మే ఇచ్చింది. ఒళ్లంతా కారునలుపు, మెడ చుట్టూ మాత్రం పసుపుకొమ్ము రంగు ఈకలు. ఆ రంగు కోళ్లు అమ్మ దొడ్లో తప్ప నేనెక్కడా చూడలేదు. కొన్నేళ్లకు అమ్మ పోయింది. దినాలయ్యాక చుట్టాలకు పెట్టిన భోజనంలో మా అన్న ఆ కోళ్లన్నిటినీ కోయించాడు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. ఇల్లు మా అన్నకు పోయింది, చీరలు వదిన తీసుకుంది. అమ్మది అని చెప్పుకోవడానికి మా దొడ్లో ఆ జత నుంచి పెరిగిన నల్లకోళ్లు తప్ప నాకేమీ మిగల్లేదు.

వాటిలో మొదటి పెట్ట పట్టపగలు పోయింది. మా ఆయన మగ్గం మీదున్నాడు. అత్త వెనకగదిలో పట్టుదారం కండెలకు చుడుతోంది. మగ్గం ఆడుతుంటే మా ఇంట్లో మనిషి మాటే మనిషికి వినపడదు, కోడి అరుపు ఎవరికి పట్టింది? గిన్నెలు కడగడానికి దొడ్లోకి పోతే నీళ్లతొట్టి పక్కన పడి ఉంది. ఒళ్లు మొత్తం ఉంది, ఈకలు అట్టే రాలలేదు. మెడ వెనక మాత్రం సన్నటి పళ్లగాట్లు, ఎండిన నెత్తురు.

"వీధికుక్క అయ్యుంటాదిలే" అంది అత్త.

"కుక్కయితే ఇంత నీటుగా చంపదత్తా. పిల్లి రాత్రిపూట వస్తాది, రాత్రంతా కోళ్లు గంప కిందనే ఉండాయి. గద్ద ఇంత పెట్టను యాడ మోస్తాది? పగలొచ్చి మెడ కొరికి పోయేది ఒగటే. ముంగిస."

అత్త ముఖం మాడిపోయింది. మా ఇంట్లో ముంగిసను అనడమంటే దేవుణ్ని అన్నట్టే.

దానికి కారణం లేకపోలేదు. మాది గుంతమగ్గం. నేసేవాడు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, కింది చెక్కలు తొక్కాలి. పొద్దంతా కళ్లు జరీ మీదే ఉంటాయి, కాళ్ల దగ్గర ఏముందో చూసే తీరిక ఉండదు. ఒక ఎండాకాలం ఆ చల్లటి చీకటి గుంతలోకి నాగుపాము దిగింది. పాదం మీద మెత్తగా ఏదో జారినట్టయి మా ఆయన కాళ్లు పైకి లాక్కున్నాడు, కాబట్టి బతికాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే దొడ్లోకి ముంగిస వచ్చి చేరింది. మళ్లీ పాము జాడ లేదు. ముంగిస ఎదురైతే మంచి శకునమని అందరూ అనేదే, మా అత్త ఏకంగా దానికి దండం పెట్టడం మొదలుపెట్టింది. కొత్త చీరకు నిలువు దారాల పడుగు మగ్గానికి ఎక్కించిన రోజు, అది గోడ మీద కనిపించేదాకా కొడుకును గుంతలో కాళ్లు పెట్టనిచ్చేది కాదు.

గోడ కింద దాని బొక్క నాకు తెలుసు. కాసిని రాళ్లు, కాస్త సిమెంటు ఉంటే చాలు. రాళ్లు తెచ్చాను కూడా. అత్త వచ్చి బొక్కకు అడ్డంగా కూర్చుంది.

"కోడి పోతే ఇంగో కోడి తెచ్చుకుంటాం. నా కొడుకు పోతే యాడ తెస్తావమ్మీ?"

నాకు ఆ మనిషీ కావాలి, మా అమ్మ కోళ్లూ కావాలి. రాళ్లు అక్కడే పడేసి వచ్చాను. కంచే చేను మేస్తుంటే ఆ కంచెకు దండాలు పెట్టే ఇంట్లో కాపురం నాది.

తర్వాత నేను చేయని ప్రయత్నం లేదు. ఇనుప జాలీతో గూడు కట్టాను. పొద్దంతా మూసిపెడితే కోళ్లు ముడుచుకుని కూర్చుని గుడ్లు మానేసేవి. జాలిపడి వదిలితే ఒకటి పోయేది. ఫోన్‌లో వీడియోలు చూస్తే ఎవరో దొరబాబులు దొడ్డి చుట్టూ కరెంటు కంచెలు వేసుకుంటున్నారు. మాకు ఇంట్లో ఫ్యానుకే కరెంటు సరిగ్గా ఉండదు. ప్రతిసారీ అదే మెడ, అవే సన్నటి గాట్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి ఏం చేసుకోను?

పుంజు కూడా పోయాక ఒక్క పెట్ట మిగిలింది. అప్పటికే దాన్ని పొదగేశాను. ఆ గుడ్లే ఆ జాతికి ఆఖరు.

ఆ రోజుల్లోనే మా మగ్గం ఆగింది. మరమగ్గం చీరలు వచ్చి మా చీరనడిగేవాళ్లు లేకుండా పోయారు. మా ఆయన హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, అక్కడే రూము. పోయేముందు మగ్గం విప్పి, ఆ కొయ్యలన్నీ దొడ్లో గోడవారగా పేర్చి ప్లాస్టిక్ పట్ట కప్పాడు. గుంతలో మట్టి పోస్తుంటే అత్త వెక్కివెక్కి ఏడ్చింది. నాకైతే, ఇక ఆ గుంతలో పెట్టే కాళ్లు లేవు కదా, ముంగిసతో పని లేదు కదా అనిపించింది. ఆయన బస్సెక్కిన రోజే బొక్కకు రాళ్లు పెట్టి సిమెంటు పూశాను. అత్త అడ్డం రాలేదు.

పొదిగే కోడి గింజల కోసం రోజూ ఒకసారి లేస్తుంది. ఒక మధ్యాహ్నం గంప ఎత్తి, నూకలు చల్లి, నీళ్లు తేవడానికి లోపలికి పోయాను. ముందురోజే ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల పిల్ల టిక్కుటిక్కుమని పొడుస్తోంది. చెంబు ముంచుతుండగా కోడి అరిచింది. మగ్గం లేని ఇల్లు కదా, అరుపు స్పష్టంగా వినిపించింది. చెంబు పడేసి పరిగెత్తాను. అయినా అందలేదు.

పెట్ట గుడ్ల మీదే చచ్చి ఉంది. లేచి పారిపోలేదు పిచ్చిముండ. పెనుగులాటలో గుడ్లన్నీ పగిలి గడ్డి తడిసిపోయింది. పగలని గుడ్డు ఒకటే దొరికింది. ముంగిస పక్కింటి వైపు నుంచి గోడెక్కి, మా మగ్గం కొయ్యల మీదుగా మెట్లు దిగినట్టు దిగి ఉంటుంది. ఇంకా ఆ కొయ్యల మీదే నిలబడి నన్ను చూస్తోంది. నా వెనకే వచ్చిన అత్త చేతులు అలవాటుగా పైకి లేచి, సగంలో ఆగి, కొంగులో దూరాయి.

ఆ ఒక్క గుడ్డునూ పక్కింటి కోడి కింద రెండు రోజులు పెట్టి చూశాను. పిల్ల కాలేదు. పగలగొడితే లోపల చచ్చిన పిల్ల, నల్లటి నూగు.

గుడ్డు పగలగొట్టిన రోజు సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. పొద్దంతా నిలబడే పనట. "కాళ్లు వాచిపోతాండాయే, రాత్రికి చెప్పుల్లో పట్టడంల్యా" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "మీ అమ్మ కోడి పిల్లల్ని చేసిందా?" అని అడిగాడు.

అత్త నా పక్కనే కూర్చుని వింటోంది.

"చేసింది," అన్నాను. "అన్నీ నల్లవే. మెడకాడ పసుపు."