గులాబీ రంగు కోడిపిల్ల

సూర్యాపేట బస్టాండు బయట మా పాప కోసం గులాబీ రంగు పూసిన కోడిపిల్లను కొని కోదాడ బస్సెక్కాను. పక్క సీట్లో గొంగడి భుజాన వేసుకున్న ముసలి గొర్రెల కాపరి నా అట్టపెట్టెలోకి తొంగిచూసి మండిపడ్డాడు.

“పిల్లకు గీ రంగేంది సారూ?”

“ముద్దుగా ఉందని కొన్నాను తాతా.”

“ముద్దా? కోడిపిల్ల మన్ను రంగుల ఎందుకుంటదో ఎరుకేనా? పైనుంచి సూసే గద్దకు కనబడొద్దని. నువ్వు గీ రంగుతోని గద్దను పిలుస్తున్నవ్.”

నాకూ ఒళ్లు మండింది. “మీరు గొర్రెలకు ఎర్ర రంగు పూయరా?”

“పూస్తం, మందలు కలిస్తే గుర్తుపట్టనీకి. మా గొర్రె పక్కన కట్టె పట్టుకొని నేనుంటా. దీని పక్కన ఎవరుంటరు?”

“నేనుంటాను” అన్నాను విసురుగా. మునగాలలో దిగేదాకా ఆయన మళ్లీ నా మొహం చూడలేదు.

మూడో రోజు అది మా నాటుకోడి పిల్లలతో కలిసి మేస్తుంటే పెరట్లోకి గద్ద వచ్చింది. తల్లికోడి అరుపుకు తలెత్తి చూశాను. నాటు పిల్లలన్నీ మట్టిలో ఎలా నక్కాయో గానీ, నాకే కనబడలేదు. గులాబీ పిల్ల కూడా వాటి పక్కనే అలాగే నక్కింది. గద్ద దాన్నే తన్నుకుపోయింది.

నేను పక్కనే ఉన్నాను, చేతిలో ఫోన్‌తో.