గ్రహణం నాటి నిమ్మకాయ

మా పెళ్ళి వీడియో క్యాసెట్టులో అందరూ ఉంటారు. పెళ్ళికూతురు, పురోహితుడుగారు, మా మామగారు, మధ్యలో అడ్డొచ్చిన ఎవరిదో బట్టతల. తాళి కట్టే సమయానికి మాత్రం పెళ్ళికూతురు పక్కన ఓ ఖాళీ పీట కనిపిస్తుంది. వీడియో తీసినాయన దాన్ని అన్ని వైపుల నుంచీ శ్రద్ధగా తీశాడు. ఆ ఖాళీ పీటే నేను. మొత్తం క్యాసెట్టులో నేను బాగా పడ్డది అక్కడేనని మావాళ్ళు ఇప్పటికీ అంటారు.

నవ్వించడం నాకు చిన్నప్పుడే వచ్చిన విద్య. మిగతా విద్యల్ని ఎనిమిదో తరగతి మధ్యలో వదిలేశాను. లెక్కలు రాక మానేశానని ఊళ్ళో అనుకున్నారు, నేనూ అలాగే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. మా బడిలో గంటకి బదులు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. దాన్ని ఇనప కడ్డీతో కొడితే ఆ మోత నాకు చెవుల్లో కాదు, పళ్ళల్లో వినిపించేది. పిల్లలంతా ఒక్కసారిగా ఎక్కాలు అందుకుంటే కడుపులో తిప్పేది. చెవులు వినిపించడం లేదంటే జాలి పడతారు గానీ, ఎక్కువ వినిపిస్తున్నాయంటే ఎవరు నమ్ముతారు? అందుకే ఎవరికీ చెప్పలేదు.

అయితే ఒక కిటుకు కనిపెట్టాను. నేను మాట్లాడుతున్నంతసేపూ నాకు నా గొంతే వినిపిస్తుంది, మిగతా మోతలన్నీ కాస్త వెనక్కి తగ్గుతాయి. అదిగో, అలా మాటకారినయ్యాను. నలుగురు చేరిన చోటల్లా నేనే మొదలెట్టేవాణ్ణి. ఎంత సరదా మనిషో అనేవారు. చెవులు కాపాడుకుంటున్నానని ఎవరికీ తెలియదు, మా అమ్మకి తప్ప. దీపావళికి నన్ను గాదె గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసేది. భోజనాల్లో బంతి చివర కూర్చోబెట్టేది. ఎందుకని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

బడి మానేశాక కడియం పక్కన ఒక నర్సరీలో పనికి కుదిరాను. మొక్కలు అరవవు కదా, నాకు హాయిగా ఉండేది. తొంభైల్లో, మంచి ఎండాకాలంలో నాకు పెళ్ళి కుదిరింది. పెళ్ళి ధవళేశ్వరం బ్యారేజీకి అవతల, పెళ్ళికూతురు వాళ్ళింటి ముందు పందిట్లో, పట్టపగలు.

ఆ వేళ నా ఒంటి మీద ఏమేం ఉన్నాయో చెబుతాను. నలుగు పిండి పూర్తిగా వదలక మెడ చుట్టూ ఎండిపోయి గీరుతోంది. నుదుటికి కట్టిన బాసికం దారం నరాన్ని నొక్కుతోంది. కొత్త పట్టు పంచె జరీ అంచు నడుములో దిగుతోంది. నెత్తి మీద పెట్టిన జీలకర్ర బెల్లం ఆ వేడికి కరిగి, జిగటగా చెవి వెనక్కి జారుతోంది. దాన్ని తుడుచుకోకూడదట. మొహానికి మూరెడు దూరంలో వీడియో లైటు. వీటన్నిటినీ ఓర్చుకుంటూ, పురోహితుడుగారితోనూ తోడిపెళ్ళికొడుకుతోనూ వేళాకోళాలాడుతూ నెట్టుకొచ్చాను.

అప్పుడు పురోహితుడుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అన్నారు.

తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ, ఏడుపు గానీ, చెడ్డమాట గానీ చెవిన పడకూడదని డోలూ సన్నాయీ చేతనైనంత గట్టిగా వాయిస్తారు. మంచి ఆచారమే. కానీ డోలు సరిగ్గా నా వీపు వెనకే ఉంది. తర్వాతేం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. తాళి ఇంకా పళ్ళెంలోనే ఉంది. నా రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి. కాళ్ళు పందిరి దాటి, వంటవాళ్ళని దాటి, గడ్డిమేటు వెనక ఆగాయి. గడ్డిలో మొహం పెట్టి ముడుచుకుని కూర్చున్నాను.

పందిట్లో మేళం ఆగిపోయింది. మాటలు నా దాకా వినిపిస్తూనే ఉన్నాయి, నా చెవుల సంగతి చెప్పాను కదా.

"ఇష్టం లేని పెళ్ళేమో?"

"మూర్ఛేమోనండీ. దాచిపెట్టి చేస్తున్నారేమో, కనుక్కోండి ముందు."

మా అమ్మ వచ్చి నా ముందు కూర్చుంది. చీర చెంగుతో నా చెవి వెనక బెల్లం తుడిచింది.

"ఒరేయ్, లే నాన్నా. పైత్యం చేసిందని చెప్పాను. నువ్వు కూడా వచ్చి ఏదో ఒకటి అని నవ్వించు. నవ్వితే మర్చిపోతారు."

లేచాను. పందిట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుంటూ అన్నాను, "ఏం లేదండీ, పారిపోవడానికి ఇదే ఆఖరి ఛాన్సని మావాళ్ళన్నారు. గడ్డిమేటు దాకా వెళ్ళి చూశాను, అటు దారి లేదు."

పందిరంతా ఘొల్లుమంది. మామగారు కూడా నవ్వారు, పాపం, కళ్ళు తుడుచుకుంటూ. రెండోసారి మేళం మొదలైనప్పుడు కింది పెదవి కొరుక్కుని తాళి కట్టేశాను. పెళ్ళికూతురు ఒక్కతే నవ్వలేదు. తలొంచుకునే ఓరగా నా చెవుల వంక చూసింది. నొక్కి నొక్కి అవి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆ చూపు తలుచుకుని చాలా కాలం సిగ్గుపడ్డాను. తనేమీ అడగలేదు. కాపురానికొచ్చాక మాత్రం నా కొత్త చొక్కాలు నేను అడక్కుండానే తడిపి ఆరేసేది, కాలరు వెనక లేబులు బ్లేడుతో కోసేసేది. కుక్కరు పెరట్లో పొయ్యి మీద పెట్టేది. నేను మాత్రం "మా ఆవిడకి వంటిల్లంటే అసహ్యం, పెరడంటే ప్రాణం" అని అందరితో చెప్పి నవ్వించేవాణ్ణి.

తను కడుపుతో ఉండగా ఒకరోజు పగటిపూట సూర్యగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి, కత్తి పట్టకూడదు, ఏదీ కొయ్యకూడదు, కోస్తే పుట్టే బిడ్డకి అవకరం వస్తుందని మావైపు గట్టి నమ్మకం. మా అమ్మ తలుపులన్నీ మూసి, తనని లోపల పడుకోబెట్టి, పక్కింటికి వెళ్ళింది. నేను నర్సరీ నుంచి చెమటలు కక్కుతూ వచ్చాను. గ్రహణం వేళ ఏమీ తాగకూడదు కూడా. కానీ నేను దేన్నీ లెక్కచెయ్యని మొనగాణ్ణి కదా.

"ఏమేవ్, నిమ్మకాయ నీళ్ళిస్తావా, నోరెండిపోతోంది" అన్నాను.

లేచి, ఒక నిమ్మకాయ కోసి, పిండి ఇచ్చింది. మా అమ్మ తిరిగొచ్చేసరికి కత్తిపీట పక్కన రెండు చెక్కలూ అలాగే ఉన్నాయి.

కొడుకు పుట్టాడు. ముద్దుగా ఉండేవాడు. మూడేళ్ళొచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరిగేవాడు కాదు గానీ, వీధి చివర ఐస్‌బండి గంట మోగితే గిలగిల్లాడిపోయేవాడు. మిక్సీ తిప్పితే గోడకేసి తల కొట్టుకునేవాడు. పప్పూ అన్నం కలిపితే కక్కేసేవాడు, తెల్లటి అన్నం విడిగా పెడితే తినేవాడు. చొక్కా తొడిగితే చర్మం ఒలిచినట్టు ఏడ్చేవాడు. క్రాఫు చేయించాలంటే ఇద్దరం పట్టుకోవాలి. బజారుకి తీసుకెళ్తే అందరూ ఆగి చూసేవారు. నేను వాణ్ణి భుజానేసుకుని "మావాడికి కచేరీ అంటే సరదా అండీ, టిక్కెట్టేమీ లేదు, వినండి" అనేవాణ్ణి. నవ్వేవారు. మా ఆవిడ ముందుకి నడిచిపోయేది.

ఊరు ఒక మాట అంటే మా అమ్మ పది అనేది. వాడు అరిచిన ప్రతిసారీ ఎవరు వింటే వాళ్ళతో, "ఏం చేస్తామమ్మా, గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుంది మహాతల్లి" అనేది. చుట్టాలొస్తే అదే మాట. అన్నవరం కొండ మీద వ్రతానికి వెళితే, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకి కూడా అదే మాట. మా ఆవిడ తల వంచుకుని కొడుకు చెవుల్లో దూది సర్దుతూ ఉండేది. ఆ నిమ్మకాయ ఎవరు కొయ్యమన్నారో ఒక్కసారి కూడా బయటపెట్టలేదు. నేనూ పెట్టలేదు.

నిమ్మకాయ సంగతి సరే, నాకు తెలిసింది అంతకన్నా పెద్దది. వాడు చెవులు మూసుకున్నప్పుడల్లా, ఆ చేతులు నావేనని నాకు తెలుసు. ఒకసారి ధైర్యం చేసి మా అమ్మ దగ్గర కదిపి చూశాను.

"అమ్మా, నేనూ చిన్నప్పుడు ఇలాగే..."

"నోర్ముయ్. నీకేం రోగం? నలుగురినీ నవ్విస్తావు. అలాంటోళ్ళు నవ్విస్తార్రా?"

నోరు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ ఆ మాట అన్నందుకు నాకు ఊరటగానే అనిపించింది. ఆ ఊరట గుర్తొస్తే ఇప్పుడు నాకు నా మీదే అసహ్యమేస్తుంది. కోడలి మీద పడిన నింద నా మీద పడకుండా మా అమ్మ అడ్డం నిలబడుతోంది, నేను ఆవిడ వెనక దాక్కుంటున్నాను, గడ్డిమేటు వెనక దాక్కున్నట్టే.

రెండువేలు దాటాక, వాడికి ఆరో ఏడు నడుస్తుండగా, రాజమండ్రిలో ఇలాంటి పిల్లల్ని చూసే డాక్టరుగారు ఒకాయన ఉన్నారని తెలిసి తీసుకెళ్ళాం. ఆయన తొందరపడలేదు. వాణ్ణి కింద కూర్చోబెట్టి, ఆడుకోడానికి రంగు బిళ్ళలిచ్చి, చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆటిజం అనే మాట చెప్పారు. ఆ మాట మేం వినడం అదే మొదలు.

"మందు లేదా అండీ?" అంది మా ఆవిడ.

"ఇది జ్వరంలాంటిది కాదమ్మా తగ్గిపోడానికి. వాడు తయారైన తీరే అది. మాటా, చేతా నేర్పుకోవచ్చు, నేర్పుదాం. ముందు వాడికి ఎలా ఉంటుందో మీకు తెలియాలి. ఇదిగో, ఈ గదిలో ఫ్యాను తిరుగుతోందా? ఆ చప్పుడు మీరు ఎప్పుడో మర్చిపోయుంటారు. బయట హారన్లూ మర్చిపోయుంటారు. నా మాట ఒక్కటే వింటున్నారు. వాడు అలా మర్చిపోలేడు. అన్నీ ఒకేసారి, ఒకేలా గట్టిగా మీద పడతాయి. చొక్కా కూడా అంతే. వేసుకున్న కాసేపటికి మన ఒళ్ళు దాన్ని మర్చిపోతుంది, వాడి ఒళ్ళు మర్చిపోదు. వాడిది మొండితనం కాదు."

నేను తలెత్తి ఫ్యాను వంక చూశాను. ఆ గదిలోకి వచ్చిన దగ్గర్నుంచీ అది ఒక పక్క టకటకమని కొట్టుకుంటోంది. పళ్ళు బిగబట్టుకుని కూర్చుని ఉన్నాను. అందరికీ ఇలాగే ఉంటుందనీ, నేనే చేతకానివాణ్ణనీ అంతవరకూ అనుకున్నాను. మిగతావాళ్ళు మర్చిపోతారని నాకు తెలియదు. ముప్పై దాటిన మనిషిని, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"మీ ఇళ్ళల్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా?" అనడిగారాయన.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది.

"నా వల్లేనండీ. కడుపుతో ఉండగా గ్రహణం నాడు నిమ్మకాయ కోశాను."

అప్పటిదాకా తను ఆ మాటల్ని మౌనంగా భరిస్తోందనుకున్నాను. నమ్ముతోందని అనుకోలేదు. పరాయి మనిషి ముందు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అలవాటు కొద్దీ ఏదో ఒక వేళాకోళం ఆడదామని చూశాను, మాట రాలేదు.

"కొయ్యమన్నది నేనండీ" అన్నాను చివరికి. "నిమ్మకాయ వల్ల కూడా కాదులెండి. నాకే ఉంది. చిన్నప్పట్నుంచీ ఉంది. మీ ఫ్యాను కూడా కాస్త ఆపిస్తారా అండీ, చచ్చిపోతున్నాను."

డాక్టరుగారు నవ్వలేదు. లేచి వెళ్ళి ఫ్యాను ఆపేశారు. "మీ సంగతి ఇంకోసారి విడిగా కూర్చుని మాట్లాడుకుందాం, ఇప్పుడే ఏమీ అనలేను" అని, మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మీరు చేసిన తప్పేమీ లేదు" అన్నారు.

తను ఆయన వైపు చూసి తలూపింది. నా వంక చూడను కూడా లేదు.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. బస్టాండు మోత మీకు తెలిసిందే. వాడు మా ఇద్దరి మధ్యా ముడుచుకుపోతుంటే, వాడి చెవుల మీద నా అరచేతులు పెట్టాను. నా చెవులూ గింగురుమంటున్నాయి. వాటిని మూసుకోవాలంటే మాత్రం ఎవరు చూస్తారోనని అప్పటికీ సిగ్గే. తన మౌనం ఆ మోతకన్నా కష్టంగా ఉంది నాకు. తేలిక చేద్దామనుకున్నాను.

"చూశావా, నీ మీద కేసు కొట్టేశారు. సాక్ష్యం చెప్పి గెలిపించింది నేను. మరి నా ఫీజు మాటేంటి?"

తను బస్సు వచ్చే దిక్కుకే చూస్తూ అంది:

"డాక్టరుగారికి చెప్పారు, బాగానే ఉంది. ఇన్నాళ్ళూ నన్ను అన్నది డాక్టరుగారా అండీ?"