నా శవాసనానికి పట్టిన గతి

కోరుట్లలో డిగ్రీలో చేరేదాకా, పడుకోవడం కూడా ఒకరు నేర్పాల్సిన విద్య అనీ, అందులోనూ ఫెయిలవ్వచ్చనీ నాకు తెలియదు. ఆ సంగతి తెలియజెప్పింది ప్రతి శనివారం మా కాలేజీ హాలుకు వచ్చే యోగా మేడమ్. మేమంతా ఆమెను శాంతి మేడమ్ అనేవాళ్లం. ఆమె పేరు అది కాదు. మాటకు ముందు 'శాంతి' అనేది, ఆ తర్వాత తిట్టేది. (ఈ విషయం అప్పట్లోనే ప్రిన్సిపాల్ సారుకు రాసిచ్చాను. జవాబు ఇంకా రాలేదు.)

వంగడం, మెలి తిరగడం, ఒంటికాలి మీద నిలబడడం అన్నీ బాగానే చేసేదాన్ని. చిక్కంతా చివర్లో వచ్చే శవాసనంతోనే. మాది సిరిసిల్ల. ముందు గదిలో మా బాపు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తుంటే వెనక గదిలో మేము నిద్రపోయేవాళ్లం. మా ఇంట్లో చప్పుడుకు ఎవరూ లేవరు, చప్పుడు ఆగితే లేస్తారు. ఆగిందంటే పోగు తెగి ఉండాలి, లేదా కరెంటు పోయి ఉండాలి. బాపు ఒక్క కేక వేసేవాడు, నేను కళ్లు పూర్తిగా తెరవకముందే సాంచా దగ్గర ఉండేదాన్ని. అలాంటి నన్ను కిటికీలు మూసిన హాలులో పడుకోబెట్టి, ఫ్యాన్లు కూడా ఆపి నిశ్శబ్దం అంటే నాకు శాంతి ఎక్కడిది? ఏదో తెగిందనిపించి మొదటి వారమే దిగ్గున లేచి కూర్చున్నాను.

"శవాసనంల శవమే లేచి కూసుంటే మేమెటు పోవాలె బిడ్డా?" అంది మేడమ్, హాలంతా వినబడేట్టు.

అందరూ నవ్వారు. శవాలు నవ్వవచ్చా అని అడిగాను. అడిగినందుకు నన్ను చెప్పులు విడిచే చోటికి, చివరి వరుసకు మార్చింది. నా రూమ్మేట్ మాత్రం చాప పరవగానే గురక పెట్టేది. ఆమె ఎంత లోతుకు పోయిందో చూసి నేర్చుకొమ్మని మేడమ్ మాకు చూపించేది. గురకను లోతు అని ఏ శాస్త్రంలో అన్నారో ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు.

ఇంతలో యోగా దినానికి జగిత్యాలలో ప్రదర్శన ఉందన్నారు. శవాసనం కుదిరినవాళ్లకే వేదిక మీద చోటట. చెప్పుల దగ్గర నుంచి లేచి ఆ వేదిక ఎక్కకపోతే నా పరువు నాకు దక్కదని పట్టు పట్టాను. ఫోన్లో బాపుకు చెప్పుకుంటే ఆయన ఆశ్చర్యపోయాడు.

"ఏంది, పండుకునుడు గూడ నేర్పుతున్నరా?"

"నేర్పుతున్నరు. నాకే అస్తలేదు."

"రాకపోవుడేంది? పుట్టినకాన్నుంచి పండుకుంటనే ఉన్నవు గద."

ఇక అమ్మను బతిమాలి, సాంచాల చప్పుడు ఫోన్లో రికార్డు చేయించి తెప్పించుకున్నాను. (ఆమె ఫోన్ను కిటికీలో పెట్టి వంటకు పోయిందట.) తర్వాతి శనివారం చెవిలో ఇయర్‌బడ్, దాని మీద జుట్టు. ఆ టకటక మొదలవగానే నా ఒళ్లు నాకు తెలియలేదు. క్లాసు అయ్యాక మేడమే భుజం తట్టి లేపి, "గిదీ శవమంటే" అంది. నా జీవితంలో అంతటి మెప్పు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. వేదిక మీద మొదటి వరుస నాదైంది.

జగిత్యాలలో అన్నీ సజావుగా సాగాయి, ఒక్క ముఖ్య అతిథి రావడం తప్ప. ఆయన వచ్చేదాకా మమ్మల్ని ఏదో ఒకటి చేయిస్తూ ఉండాలి కాబట్టి మేడమ్ శవాసనాన్ని సాగదీసింది. క్లాసులో శవాసనం కాసేపే కాబట్టి ఆ రికార్డింగును నేనెప్పుడూ చివరిదాకా వినలేదు. ఆ రోజు నిద్ర మధ్యలో చెవిలోని సాంచా ఠక్కున ఆగింది. వెంటనే మా బాపు గొంతు: "బిడ్డా, పోగు తెగింది, జెల్ది రా."

"అస్తున్న బాపూ" అంటూ లేచి పరుగున పోయాను. ఎదురుగా సాంచా లేదు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన ముఖ్య అతిథి ఉన్నాడు. ఆ పెద్దాయన కరిగిపోయి నా తల మీద చెయ్యి పెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మైకు అందుకుని, "నేనచ్చిన్నని గీ ఒక్క బిడ్డే లేచి ఎదురచ్చింది. మిగిలినోళ్లంత పండుకునే ఉన్నరు" అన్నాడు. మేడమ్ ముఖంలో శాంతి లేదు. ఆ తర్వాతి శనివారం నుంచి డిగ్రీ అయ్యేదాకా నేను చెప్పుల దగ్గరే. నా రూమ్మేట్ ఆ రోజు మైకుకు కూడా లేవలేదు, దానికి మాత్రం సర్టిఫికెట్ ఇచ్చారు.

నేను ఇంట్లో లేనప్పుడు బాపు నన్ను ఎందుకు పిలిచాడని అమ్మను అడిగాను. "సాంచా ఆగినప్పుడల్లా పిలుస్తడు. నువ్వు కోరుట్లకు పోయినవన్నది పిలిచినంక యాదికస్తది" అంది.

ఇప్పుడు జగిత్యాలలోనే ఉద్యోగం. సిరిసిల్లలో మా ముందు గదిలో సాంచాలు పోయి బాపు కిరాణా కొట్టు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం నడుము వాలిస్తే ఆ రికార్డింగే పెట్టుకుంటాను. కేక ఎక్కడ వస్తుందో తెలుసు. అయినా అక్కడికి వచ్చేసరికి లేచి కూర్చుని, "అస్తున్న బాపూ" అనేసి, నవ్వుకుని మళ్లీ పడుకుంటాను. మేడమ్ చూస్తే ఇప్పటికీ చెప్పుల దగ్గరికే పంపుతుంది. పంపనీ.