సొనౌలిలో మారని పది రూపాయలు

పాతికేళ్లు బస్సు నడిపినవాణ్ణి నేను. దారిలో ఎవరో ఆడమనిషి చెయ్యి ఎత్తిందనీ, దగ్గరికి పోతే మాయమైందనీ చెప్పే డ్రైవర్లను చూసి నవ్వేవాణ్ణి. రెండు రాత్రులు నిద్ర లేకపోతే నాకూ మైలురాళ్లు మనుషుల్లాగే కనిపించేవి. దాన్ని దయ్యమంటే ఎట్లా? ఇప్పుడు చెప్పబోయేది మాత్రం పట్టపగలు జరిగింది. నేను మేలుకునే ఉన్నాను.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో ఒక యాత్రల బస్సుకు డ్రైవరుగా ఉండేవాణ్ణి. కాశీ, ప్రయాగ, అక్కణ్ణుంచి నేపాల్లో పశుపతినాథుడు, మళ్లీ వెనక్కి. మొత్తం ఇరవై రెండు రోజులు. యాత్రికులకు పుణ్యం, మాకు నడుంనొప్పి.

మా వైపు ఎవరైనా కాశీకి పోతుంటే, పోలేనివాళ్లు తమ పేరుతో దేవుడికి వెయ్యమని ఎంతో కొంత చేతిలో పెడతారు. నాది పుంగనూరు. నేను బయల్దేరానంటే మా వీధిలో సగం మంది నా జేబులో ఉండేవాళ్లు. ఎవరి నోటు ఎవరిదో కలిసిపోకుండా అంచున పెన్సిలుతో పేరు రాసుకునేవాణ్ణి.

ఆ సారి కుప్పం నుంచి మా బావ మునెప్ప వచ్చాడు. మా అక్కకు కడుపులో గడ్డ. మేం నేపాలు చేరే వేళకు వచ్చే సోమవారం ఆపరేషన్ పెట్టుకున్నారు. మనిషి బాగా చిక్కిపోయింది, డాక్టర్లు కూడా గట్టిగా భరోసా ఇవ్వలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. సెలవు అడిగితే ఇంకో డ్రైవరు లేడన్నాడు ఓనరు. బావ పది రూపాయల నోటు నా చేతిలో పెట్టాడు.

"మీ యక్క పేరు రాసుకోప్పా. మర్సిపోకుండా పశుపతికి ఎయ్యి" అన్నాడు.

బావకు ఏ జబ్బూ లేదు. రెండు చంకల్లో రెండు గొర్రెపిల్లలను పెట్టుకుని గుట్ట ఎక్కే మనిషి.

ఆ సోమవారం మధ్యాహ్నం పన్నెండుకు సరిహద్దులోని సొనౌలి చేరాం. బస్సు కాగితాలకు పెద్ద లైను. ఈలోగా మా వంటమనిషి చెంగప్ప అందరికీ ఒక మాట అంటించాడు.

"ఆ దేశం దేవునికి ఆ దేశం దుడ్డే ఎయ్యాల. మన దుడ్డు ఆయప్పకి సెల్లదు."

నిజానికి మన నోట్లు అక్కడ అంతటా చెల్లుతాయి, హుండీలో కూడా. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అందరూ దిగి, రోడ్డు పక్కన బల్లలు వేసుకుని నోట్లు మార్చేవాళ్ల చుట్టూ మూగారు.

నేనూ నా కట్ట ఇచ్చాను. బల్ల వెనక ముసలాయన ఒక్కో నోటూ తీసుకుంటూ వచ్చి, ఒకదాన్ని వెనక్కి తోశాడు. అక్క నోటు. చిరుగు ఉందేమో అని చూశాను, లేదు. మళ్లీ ఇస్తే తల అడ్డంగా ఊపాడు. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో ఎందుకని అడిగాను. ఆయన నా వెనకున్నవాడి నోట్లు అందుకున్నాడు.

రెండో బల్ల దగ్గర నా సొంత నోటుతో కలిపి ఇచ్చాను. అతను నా నోటు తీసుకుని అక్క నోటు వదిలేశాడు. మూడో బల్ల రోడ్డుకు అవతల ఉంది. మధ్యలో లారీలు నిలిచిపోయి ఉన్నాయి, ఇవతల జరిగింది అక్కడివాళ్లకు కనిపించదు. ఆ మూడో ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు. పేరు రాసి ఉందని వద్దన్నారేమో అనుకుందామంటే, వాళ్లు తీసుకున్న నోట్లన్నిటి మీదా పేర్లు ఉన్నాయి.

పోట్లాడే ఓపిక నాకు లేదు. నోటు పైజేబులో పెట్టుకుని పోయి స్టీరింగు ముందు కూర్చున్నాను. కొండదారి నడిపి నడిపి మర్నాడు గుడి చేరేసరికి భుజాలు నావి కావు. మారిన డబ్బు చెంగప్పకిచ్చి పంపి, సీటు మీదే ఒరిగి నిద్రపోయాను. లేచేసరికి అందరూ దర్శనం చేసుకుని వచ్చేశారు, బస్సు కదలాలి. అక్క నోటు జేబులోనే ఉంది. మార్చుకున్న నా సొంత డబ్బులోంచే పది రూపాయలు ఆమె పేరున వేయించి ఉండొచ్చు కదా అని అప్పుడు తోచింది.

తిరుగుదారి పది రోజులూ అదే ఆలోచన. అక్క పోయి ఉంటుంది, నిద్రకు లొంగి నేనే పోగొట్టుకున్నాను అని. తిరిగే బస్సుకు ఉత్తరం ఎక్కడికని వస్తుంది?

మదనపల్లెలో బస్సు అప్పగించి నేరుగా కుప్పం పోయాను. తలుపు తీసింది అక్కే. నుదుట బొట్టు లేదు.

ఆ సోమవారం పొద్దున తొమ్మిదికి ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారట. బయట బెంచీ మీద కూర్చున్న బావ కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడట. పదిన్నరకల్లా ప్రాణం పోయింది. గుండెపోటు అన్నారు డాక్టర్లు.

అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకు బదులు తన్ను తీసుకోమని మొక్కుకోని ఆ నోటు ఇచ్చినాడంటప్పా. మా యత్తకు సెప్పినాడంట" అంది. "ఆడ ఏసినావా?"

ఏం అడుగుతోందో నాకు అర్థమైంది. వేశానంటే జీవితాంతం ఆమె ఆ బరువు మొయ్యాలి. జేబులోంచి నోటు తీసి చూపించాను.

"లేదక్కా. ఎవురూ మార్సలేదు. దేవుని కాడికే పోలేదు."

ఆ నోటు రెండు చేతులా పట్టుకుని అక్క ఏడ్చింది. "అట్లయితే నా కోసరం పోలేదు ఆయన" అంది. ఆ పూట చాన్నాళ్లకు కడుపునిండా అన్నం తిన్నదని వాళ్లత్త చెప్పింది.

తర్వాత ఆ నోటు మదనపల్లె బ్యాంకులో చూపించాను. మంచి నోటే అన్నారు. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు దాన్ని ఎందుకు వద్దన్నారో నాకు ఈనాటికీ తెలియదు.

ఒక్కటి మాత్రం అక్కకు చెప్పలేదు. నేను ఆ బల్ల ముందు నిలబడేసరికి బావ పోయి గంటన్నర దాటింది. తీసుకోవలసింది అప్పటికే తీసుకున్నవాడికి ఇంక నోటెందుకు అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. అక్క ఇంకో ఇరవై ఏళ్లు బతికింది. మేం ఏ పూట సరిహద్దు దాటామని ఎప్పుడూ అడగలేదు.