పెనం దించాక మిగిలే వేడి

మా చిన్నాన్న పోయాడు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పక్కింటాయన ఫోన్ చేసి, "కరెంటు కొట్టీసిందమ్మా, మీ నాన్నని తీసుకుని బేగి వచ్చీ" అన్నాడు. నాన్నా నేనూ ఆటో దిగేసరికి మేడ మీది రేకుల షెడ్డులోంచి ఆయన్ని కిందకి దించి చాప మీద పడుకోబెట్టారు. పైన నేలంతా తడి, నానిన బార్లీ వాసన. మేము గుమ్మం దాటేలోపే వీధిలో ఒక మాట పుట్టేసింది. "ఇంట్లో బీరు కాసుకుంటాడు కదేటి, తాగీసి వైరు ముట్టుకున్నాడట."

ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను. పోయిన మనిషిని ఎవరూ తేలేరు, పేరైనా శుభ్రంగా ఉండాలి కదా. "మీ చిన్నాన్న తాగి పోలేదని ఎవరికైనా సెప్పవే" అని పిన్ని ఏడుస్తూ అడిగింది ఒక్కటే.

చిన్నాన్న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో మీటర్లూ సెన్సర్లూ చూసే టెక్నీషియన్. ఆరు రోజులు కంపెనీ బస్సు, ఏడో రోజు షెడ్డు. ఇంట్లో బీరు కాయడం చట్టం ఒప్పదు, పిన్నీ ఒప్పలేదు. ఆయన ఎవరి మాటా వినలేదు. తీరా తయారయ్యాక అరగ్లాసు తాగి, మిగతాది స్నేహితులకి పంచేవాడు. ఆయన మోజు తాగడం మీద కాదు, వేడి మీద.

ఆ మోజు తాతయ్య దగ్గర అంటుకున్నదే. తాతయ్య చెరుకు రసం కాచి బెల్లం వండేవాడు. పాకం పూర్తిగా రాకముందే పెనం దింపించేసేవాడట. "పెనం దించగలం గానీ వేడిని దించలేం, అది ఇంకా ఉడుకుతాది" అనేవాడట. చిన్నాన్న ఆ మాటనే కరెంటు పొయ్యికి తెచ్చాడు. స్టీలు డ్రమ్ములో హీటర్ కాయిల్, పక్కన నీళ్ళ వేడిని ఎర్రంకెల్లో చూపే కంట్రోలు పెట్టె. బార్లీ తీపెక్కాలంటే నీళ్ళు ఒకే వేడి మీద గంటసేపు నిలవాలి. అంకె అక్కడికి చేరకముందే ఆయన కాయిల్ ఆపేసేవాడు. ఆపాక కూడా అంకె మెల్లగా ఎక్కుతుంటే, పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వేవాడు.

"కొంచెంగా వెలిగించొచ్చు కదా చిన్నాన్నా, ఈ ఆపడాలెందుకు?" అని ఒకసారి అడిగాను.

"కాయిల్‌కి కొంచెం అనీది తెలీదమ్మా. ఉంటే పూర్తిగా ఉంటాది, లేపోతే లేదు. మనమే ఇచ్చి ఆపి, ఇచ్చి ఆపి దాన్ని నిలబెట్టాల. వేడెక్కించడం ఎవడైనా సేత్తాడు. ఆపడం రావాల."

కాసే రోజు చుక్క ముట్టేవాడు కాదు. పొయ్యి దగ్గర తాగినవాడికి పాకం కనపడదని తాతయ్య దగ్గరే నేర్చుకున్నాడు. వీధివాళ్ళకి ఈ సంగతి తెలీదు. తెలిసినా ఆ మొదటి మాటే రుచిగా ఉంటుంది.

జాగ్రత్త విషయంలో ఆయనంత చాదస్తుణ్ణి నేను చూడలేదు. ఓ వేసవిలో మా ఇంట్లో, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే ట్రిప్ స్విచ్చి ఊరికే పడిపోతోందని, కరెంటు మేస్త్రీ దాన్ని దాటించి చిన్న వైరు ముక్క కలిపాడు. చిన్నాన్న చూసి మెయిన్ ఆపేసి, ఆ ముక్క పీకి పారేశాడు. కొత్త స్విచ్చి వచ్చేదాకా ఫ్యాన్లు లేవు, ఫ్రిజ్జులో పాలు విరిగిపోయాయి. మా అమ్మ తిట్టిన తిట్లకి లెక్కలేదు. "అది పడిపోతందంటే మనకేటో సెప్తన్నాది వదినా. దాని నోరు ముయ్యకూడదు" అని ఊరుకున్నాడు.

అలాంటివాడు ఆ ఆదివారం ఏం చేశాడో పిన్ని చెప్పింది. బార్లీ నీళ్ళలో పోసి కాయిల్ వేశాక ట్రిప్ స్విచ్చి పడింది. ఎత్తాడు, మళ్ళీ పడింది. కాయిల్ మూతి దగ్గర రబ్బరు పాడై నీరు దిగుతోంది. కొత్త కాయిల్‌కి విశాఖపట్నం వెళ్ళాలి. "పారబోసీండి, మళ్ళీ వారం కాసుకుందురు గానీ" అంది పిన్ని. "పెనం మీద రసం ఉండగా పొయ్యి ఆరిపోతే మా నాయిన ఊరుకునీవోడేటే? ఈ ఒక్కసారికే" అని ఆయన ఒక వైరు ముక్క తీసుకున్నాడు. మా ఇంట్లో పీకి పారేసినదాని లాంటిదే. దాంతో స్విచ్చిని దాటించేశాడు. ఎండలకి ఎర్తు గొయ్యి ఎండిపోయి, లీకైన కరెంటు భూమిలోకి దిగే దారి లేదు. తడి నేల మీద వట్టి కాళ్ళతో వెళ్ళి, గరిటె తిప్పడానికి డ్రమ్ము అంచు పట్టుకున్నాడు.

నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం. తండ్రి చెప్పిన రెండు మాటల్లో దించమన్నది వదిలేసి, ఆర్పొద్దన్నది పట్టుకున్నాడు. కట్టెల పొయ్యి నియమం కరెంటుకి పనికిరాదని ఆయనకి తెలియదా? ఊరందరికీ పాఠం చెప్పిన మనిషికి? ఎదురుగా ఉంటే నిలదీసేదాన్ని. ఆ కోపం ఎవరి మీద చూపించను?

పెద్దకర్మ నాడు మెట్ల కింద ఇంకో డ్రమ్ము బయటపడింది. పోవడానికి కొన్నాళ్ళ ముందు కాచి, చల్లార్చి, ఈస్ట్ కలిపి మూత బిగించినది. మూతలోంచి సన్నటి గొట్టం నీళ్ళ సీసాలోకి దిగింది. డ్రమ్ములో ఇంకా పులుస్తోందని గుర్తుగా, ఆ సీసాలో ఉండుండి ఒక బుడగ. నాన్న చూసి మొహం తిప్పుకున్నాడు. "ముందు దీన్ని పారబోసీండి. ఇది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఊరి నోరు మూతపడదు" అన్నాడు.

పిన్ని లేచి డ్రమ్ముకి అడ్డంగా నిలబడింది. నాన్నకి ఆవిడ ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. "ఊరు ఏటైనా అనుకోనీండి బావగారూ. ఇది ఆయన సరిగ్గా దించినది. దానంతటది ఆగినదాకా ఉండనీండి."

చుట్టాలు భోజనాలకి లేచారు. పిన్ని కింది మెట్టు మీద కూర్చుంది, పక్కన నేను. పైన షెడ్డుకి కరెంటు తీసేశారు, పెట్టె మీద ఎర్రంకెలు లేవు. సీసాలో ఒక బుడగ లేచి పగిలింది. చాలాసేపటికి ఇంకొకటి. ఆ తర్వాతది ఎంతకీ రాలేదు. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని, గొట్టం కొసకేసి చూస్తూ కూర్చుంది.